మందకొడి వేళకు ఒకటి, అలజడి వేళకు మరొకటి: పది నిమిషాల స్ట్రెచింగ్‌లో ఏది ఎంచుకోవాలి?

తిరుపతిలో డీఎస్సీకో గ్రూప్స్‌కో చదువుకుంటూ హాస్టల్ గదిలో రోజంతా పుస్తకం ముందు కూర్చునే విద్యార్థికీ, చిత్తూరులో బ్యాంకు కౌంటరు వెనుక సాయంత్రం దాకా కుర్చీ దిగని ఉద్యోగికీ, శ్రీసిటీలో షిఫ్టు మొత్తం నిలబడి పనిచేసే యువతికీ ఒకే సలహా వినిపిస్తుంటుంది: మధ్యలో కాసేపు ఒళ్లు విరుచుకోండి, మనసు తేలికపడుతుంది, ధ్యాస కుదురుతుంది. సలహా మంచిదే. అయితే ఎలా, ఎప్పుడు, ఎంతసేపు అని అడిగితే ఒకరు సూర్య నమస్కారాలు చేయమంటారు, మరొకరు కుర్చీలో కూర్చునే మెడా భుజాలూ కదిలిస్తే చాలంటారు, ఇంకొకరు చాప పరచుకుని పది నిమిషాలు నెమ్మదిగా సాగదీయమంటారు. అన్నీ స్ట్రెచింగ్ కిందికే వస్తాయి గనుక ఏది చేసినా ఒకటేనని అనుకోవడం వల్లే చాలామంది తమకు కుదరని పద్ధతితో మొదలుపెట్టి వారం తిరిగేలోపు మానేస్తున్నారు.

ఈ వ్యాసంలో నాలుగు పద్ధతులను పోల్చి చూద్దాం. ముందుగా నా అభిప్రాయం చెప్పేస్తాను: ఒళ్లు ఎంత వంగుతుందన్న లెక్క తర్వాత చూసుకోవచ్చు, ఆ వేళకు మనసు మందగించి ఉందా, అలజడిగా ఉందా అన్నదాన్ని బట్టే పద్ధతిని ఎంచుకోవాలి. ఈ రెండు స్థితులకూ కావలసిన కదలికలు వేరు.

## ఒళ్లు సాగదీస్తే మనసుకు ఏమవుతుంది?

ఒకే భంగిమలో గంటల తరబడి ఉన్నప్పుడు మెడ, భుజాలు, నడుము కండరాలు కొద్దిపాటి బిగింపుతో ఆగకుండా పనిచేస్తూనే ఉంటాయి. తల ముందుకు వాలిన కొద్దీ మెడ వెనుక కండరాల మీద భారం పెరుగుతుంది. ఈ అసౌకర్యం నొప్పిగా తెలిసేంత ఉండకపోవచ్చు గానీ, ధ్యాసలో కొంత భాగాన్ని అది లాక్కుంటూనే ఉంటుంది. చదివిన పేరానే మళ్లీ చదవడం, చిన్న మాటకే విసుక్కోవడం తరచుగా ఇలాగే మొదలవుతాయి. ఆ కండరాలను కదిలించి సాగదీసినప్పుడు ముందుగా తగ్గేది ఈ అసౌకర్యమే.

రెండో సంగతి నాడీ వ్యవస్థకు సంబంధించినది. చురుకైన కదలికలు గుండె వేగాన్ని, శ్వాసను కొద్దిగా పెంచి శరీరాన్ని మెలకువ వైపు నడిపిస్తాయి. నిదానంగా, ఊపిరి బయటికి వదలడాన్ని పొడిగిస్తూ పట్టి ఉంచే భంగిమలు విశ్రాంతికి సంబంధించిన నాడీ భాగాన్ని చురుకుగా చేస్తాయి. ఊపిరి తీసుకునేటప్పుడు గుండె వేగం కాస్త పెరగడం, వదిలేటప్పుడు తగ్గడం ప్రతి మనిషిలోనూ సహజంగా జరిగేదే కాబట్టి, వదిలే శ్వాసను పొడిగించడం వల్ల గుండె నెమ్మదిస్తుంది. యెర్క్స్, డాడ్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1908లో ప్రకటించిన ఒక పరిశీలన ఇక్కడ ఉపయోగపడుతుంది: మెలకువ మరీ తక్కువైనా, ఉద్రేకం మరీ ఎక్కువైనా కష్టమైన పనిలో సామర్థ్యం తగ్గుతుంది, నడిమి స్థాయిలోనే బాగా కుదురుతుంది. మధ్యాహ్నం కునుకుపాట్లు పడేవారు ఆ నడిమి స్థాయికి చేరాలంటే కింది నుంచి పైకి రావాలి. పరీక్ష భయంతో గుండె దడదడలాడేవారు పై నుంచి కిందికి దిగాలి. ఇద్దరికీ ఒకే వ్యాయామం చెప్పడం సరికాదు.

ఇక్కడ ఒక విషయం నిజాయితీగా చెప్పుకోవాలి. స్ట్రెచింగ్ వల్ల మానసిక స్థితి, ఏకాగ్రత మెరుగుపడతాయని చూపిన పరిశోధనలు ఉన్నా, వాటిలో చాలా వరకు కొద్దిమందితో జరిగినవే, ఆ కూర్చున్న పూటకే ఫలితాన్ని కొలిచినవే. పైగా ఆ లాభంలో ఎంత భాగం సాగదీయడం వల్ల వచ్చిందో, ఎంత భాగం పని ఆపి లేవడం వల్ల వచ్చిందో విడదీయడం కష్టం. ఆచరణలో ఆ రెండూ కలిసే వస్తాయి కనుక సామాన్య పాఠకుడికి ఇది పెద్ద ఇబ్బంది కాదు. కానీ విరామంలో మెడ సాగదీస్తూనే ఫోను చూస్తూ ఉంటే ఆ రెండో లాభం చాలా వరకు పోతుందన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

## ఎంచుకునే ముందు చూసుకోవలసినవి

మనసు ఉన్న స్థితి. కళ్లు మూతలు పడుతున్నాయా, ఆలోచన కదలడం లేదా? అయితే కదలిక ఎక్కువ ఉన్న పద్ధతి కావాలి. ఆలోచనలు ఒకదాని మీద ఒకటి ఎగబడుతున్నాయా, దవడలు బిగిసి ఉన్నాయా, ఊపిరి పైపైన ఆడుతోందా? అయితే నెమ్మదైన పద్ధతి కావాలి. అలసట, అలజడి రెండూ కలిసి ఉండే సాయంత్రాలూ ఉంటాయి; అప్పుడు ముందు రెండు నిమిషాలు కదిలి, తర్వాత నెమ్మదించడం మేలు.

చోటు, దుస్తులు. ఈ ప్రమాణాన్ని చాలా సలహాలు పట్టించుకోవు. చీర కట్టుకుని బడిలో పాఠం చెప్పే ఉపాధ్యాయిని స్టాఫ్ రూములో చాప పరచుకుని పడుకోలేదు. నాలుగు మంచాలు ఇరుక్కున్న హాస్టల్ గదిలో రెండు మంచాల నడుమ ఒక చాప పడితే గొప్ప. ఫ్యాక్టరీ యూనిఫాంలో, బూట్లతో నేల మీది ఆసనాలు వేయడం కుదరదు.

చెమట. మే నెలలో తిరుపతిలో ఎండ 40 డిగ్రీలు దాటే రోజుల్లో మధ్యాహ్నం చురుకైన వ్యాయామం చేసి, తడిసిన బట్టలతో మళ్లీ పనిలో కూర్చుంటే ధ్యాస కుదరకపోగా చిరాకు మిగులుతుంది. అదే వ్యాయామం పొద్దున్నే ఆరు గంటలకైతే హాయిగా ఉంటుంది.

భోజనానికి, వ్యాయామానికి మధ్య ఎడం. రాగి సంగటో అన్నమో కడుపునిండా తిన్న తర్వాత ముందుకు వంగే భంగిమలు, సూర్య నమస్కారాలు చేయకూడదు. రెండు మూడు గంటలైనా గడవాలి. కుర్చీలో చేసేవాటికి, నిలబడి చేసే తేలికైనవాటికి ఈ పట్టింపు అంతగా లేదు.

శరీరం పెట్టే హద్దులు. అదుపులో లేని రక్తపోటు, గ్లకోమా (కంటి నరాన్ని దెబ్బతీసే జబ్బు), మెడ ఎముకల అరుగుదల, తుంటి నుంచి కాలి కిందిదాకా పాకే నొప్పి, ఎముకలు గుల్లబారడం, గర్భం: వీటిలో ఏది ఉన్నా పద్ధతి మారుతుంది. ఏ పద్ధతిలో ఏది మానాలో కింద ఆయా చోట్ల చెబుతాను.

మానకుండా సాగడం. లాభం ఎక్కువ ఇచ్చేదానికన్నా రోజూ జరిగేదే మంచిదని నేను అనుకుంటాను. ఈ లాభం గంటో రెండు గంటలో ఉండి తగ్గిపోయే స్వభావం గలది కాబట్టి, వారానికొకసారి గంటసేపు చేసే స్ట్రెచింగ్ కన్నా రోజుకు మూడుసార్లు నాలుగేసి నిమిషాలు చేసేది మనసుకు, ధ్యాసకు ఎక్కువ పనికి వస్తుంది.

## నాలుగు పద్ధతులు ఒక్క చూపులో

| | కుర్చీలో కూర్చుని | నిలబడి, గోడ ఆధారంగా | సూర్య నమస్కారాలు | చాప మీద నెమ్మదిగా |
|---|---|---|---|---|
| పట్టే సమయం | 3–4 నిమిషాలు | 4–5 నిమిషాలు | 5–8 నిమిషాలు | 8–10 నిమిషాలు |
| మందకొడితనానికి | కొంతవరకు | బాగా | చాలా బాగా | పనికిరాదు, నిద్ర ముంచుకొస్తుంది |
| అలజడికి | కొంతవరకు | కొంతవరకు | కొందరికే | చాలా బాగా |
| చోటు | ఉన్నచోటే | గోడ లేదా తలుపు | చాప, తల పైన ఖాళీ | చాప, ఏకాంతం |
| చెమట | లేదు | దాదాపు లేదు | పడుతుంది | లేదు |
| భోజనం తర్వాత | చేయవచ్చు | చేయవచ్చు | చేయకూడదు | ఎడం ఇవ్వాలి |
| నేర్చుకోవడం | సులువు | సులువు | ఒకరి దగ్గర నేర్చుకోవాలి | కొద్దిపాటి శ్రద్ధ చాలు |

## కుర్చీలో కూర్చుని చేసేవి

ఇందులో అయిదు కదలికలు చాలు. వీపు నిటారుగా పెట్టి, గడ్డాన్ని కిందికి వంచకుండా నేరుగా వెనక్కి లాగి అయిదు సెకన్లు ఆపడం, ఇలా అయిదుసార్లు; చెవిని అదే వైపు భుజానికి దగ్గరగా వాల్చి ఒక్కో పక్క ఇరవై సెకన్లు ఉంచడం; రెండు చేతులను కుర్చీ వెనుక కలిపి ఛాతీని విప్పడం; కుర్చీ అంచు పట్టుకుని నడుమును ఒక్కో వైపు తిప్పి ఆపడం; చివరగా అరచేతిని చాచి వేళ్లను వెనక్కి లాగి మణికట్టును సాగదీయడం. కంప్యూటరు ముందు కూర్చునేవారు వీటితో పాటు చూపును కిటికీ అవతల దూరంగా ఉన్న చెట్టు మీదో కొండ మీదో కాసేపు నిలిపితే కళ్లకూ విశ్రాంతి దొరుకుతుంది. తిరుపతిలో ఉన్నవారికి ఆ కొండ వెతుక్కోవలసిన పని లేదు.

ఈ పద్ధతికున్న పెద్ద బలం, ఎవరి అనుమతీ అక్కరలేకపోవడం. కౌంటరు దగ్గర వరుస కాస్త తగ్గినప్పుడు, రెండు అధ్యాయాల నడుమ, రెండు ఫోను కాల్స్ మధ్య చేసుకోవచ్చు. చుట్టూ ఉన్నవారు చూసి ఏమనుకుంటారోనన్న మొహమాటం వల్ల వ్యాయామం మానుకునేవారు మన ఆఫీసుల్లో చాలామంది ఉన్నారు. వారికి ఇది సరైన మొదలు.

బలహీనత ఏమిటంటే, కాళ్లు కదలవు. గంటల తరబడి కూర్చోవడం వల్ల వచ్చే మందకొడితనంలో కాళ్లలో రక్తప్రసరణ నెమ్మదించడం కూడా ఒక భాగం గనుక, కుర్చీ దిగకుండా చేసే స్ట్రెచింగ్ మెడ బరువును తగ్గించినంతగా మగతను తగ్గించదు. అందుకే దీన్ని నేను అరగంటకో ముప్పావు గంటకో ఒకసారి చేసే చిన్న విరామంగానే చూస్తాను, రోజు మొత్తానికి ఇదొక్కటే సరిపోతుందని చెప్పను.

తలను గుండ్రంగా పూర్తిగా తిప్పడం చాలామందికి అలవాటు. మెడ ఎముకల అరుగుదల ఉన్నవారు, కళ్లు తిరిగే స్వభావం ఉన్నవారు ఆ పని చేయవద్దు. పక్కలకు వాల్చడం, మెల్లగా కుడి ఎడమలకు చూడడం సరిపోతాయి.

## నిలబడి, గోడ ఆధారంగా చేసేవి

మధ్యాహ్నం ఒంటి గంట నుంచి మూడు గంటల దాకా మెలకువ తగ్గడం భోజనం వల్లనే కాదు, శరీరంలోని దినచక్రం వల్ల కూడా జరుగుతుంది. ఆ వేళకు నా సలహా ఇదే. గోడకు రెండు చేతులూ ఆన్చి, ఒక కాలిని వెనక్కి పెట్టి, మడమను నేలకు నొక్కి ముప్పై సెకన్లు పిక్కను సాగదీయాలి. తలుపు చట్రానికి ముంజేతులు ఆన్చి ఒక అడుగు ముందుకు వేస్తే ఛాతీ విచ్చుకుంటుంది. చేతులు పైకెత్తి వేళ్లు కలిపి ఒక్కో పక్కకు వంగాలి. చివరగా మునివేళ్ల మీద పైకి లేచి దిగడం పదిహేనుసార్లు చేయాలి. ఇది అచ్చంగా సాగదీయడం కాకపోయినా తప్పక చేర్చవలసినదే, ఎందుకంటే పిక్క కండరాలు బిగిసి వదిలిన ప్రతిసారీ కాళ్లలో నిలిచిన రక్తాన్ని పైకి నెడతాయి.

చీరలో, ప్యాంటులో, యూనిఫాంలో దేనిలోనైనా ఇవి చేయవచ్చు. ఉపాధ్యాయులకు, దుకాణాల్లో పనిచేసేవారికి ఇంతకన్నా అనువైనది లేదు. అయితే పగలంతా నిలబడే పని చేసేవారికి విరామంలో మళ్లీ నిలబడమనడం అన్యాయం. వారి సంగతి వేరుగా చెబుతాను.

## సూర్య నమస్కారాలు

పన్నెండు భంగిమలు ఒకదాని నుంచి మరొకదానిలోకి శ్వాసతో కలిసి సాగే ఈ పద్ధతి మందకొడి మనసును లేపడంలో మిగిలిన మూడింటికన్నా ముందుంటుంది. వెన్ను ముందుకూ వెనక్కూ వంగుతుంది, తొడ వెనుక భాగం, పిక్కలు, ఛాతీ సాగుతాయి, భుజాల మీద బరువు పడుతుంది, గుండె వేగం పెరుగుతుంది. నింపాదిగా చేస్తే ఒక ఆవృతానికి, అంటే పన్నెండు భంగిమలూ ఒకసారి పూర్తి కావడానికి, సుమారు ఒక నిమిషం పడుతుంది. కాబట్టి అయిదారు ఆవృతాలు ఉదయం చదువుకో పనికో కూర్చునే ముందు చాలు.

ధ్యాస విషయంలో దీనికి ఒక ప్రత్యేకత ఉంది. భంగిమల వరుస, ఏ కాలు ముందన్నది, ఎక్కడ ఊపిరి తీసుకోవాలి, ఎక్కడ వదలాలి అన్నవి గుర్తుంచుకుంటూ చేయవలసి ఉంటుంది కనుక, ఆ అయిదు నిమిషాలూ మనసు వేరే చోటికి పోవడానికి అవకాశం తక్కువ. కొత్తగా నేర్చుకునే నెలల్లో ఈ లాభం ఎక్కువగా తెలుస్తుంది. బాగా అలవాటైపోయాక ఒళ్లు దానంతట అది చేసుకుపోతూ మనసు రేపటి పరీక్ష దగ్గరికి పోయే ప్రమాదం ఉంది. అప్పుడు వేగం తగ్గించి, ఒక్కో భంగిమలో ఒక పూర్తి శ్వాస ఆగితే ఆ పట్టు తిరిగి దొరుకుతుంది.

అలజడిలో ఉన్నవారికి ఇది అందరికీ పడదు. గుండె అప్పటికే వేగంగా కొట్టుకుంటున్నప్పుడు ఇంకాస్త వేగం పెంచడం కొందరికి భయాన్ని పెంచినట్టు అనిపిస్తుంది. మరికొందరికి ఆ ఉద్రేకం ఒంట్లోంచి బయటికి పోయినట్టు హాయిగా ఉంటుంది. మీరు ఎవరో రెండు మూడు ఉదయాల్లోనే తెలిసిపోతుంది.

అదుపులో లేని రక్తపోటు ఉన్నవారు తల గుండె కన్నా కిందికి వచ్చే భంగిమలను మానాలి, ఊపిరి బిగబట్టకూడదు. గ్లకోమా ఉన్నవారికి తలకిందులయ్యే భంగిమల్లో కంటి లోపలి ఒత్తిడి పెరుగుతుంది కనుక కంటి డాక్టరును అడగకుండా చేయవద్దు. మణికట్టు నొప్పి, ముదిరిన నడుము నొప్పి ఉన్నవారికీ, గర్భిణులకూ నిపుణుల పర్యవేక్షణ లేకుండా దీన్ని నేను సూచించను. మిగిలినవారైనా మొదటి కొద్ది రోజులు తెలిసినవారి ఎదుట నేర్చుకోవాలి. వీడియో మీ నడుము ఎలా వంగుతోందో చూడలేదు.

## చాప మీద నెమ్మదిగా సాగదీయడం

రాత్రి పదకొండు దాటినా నిద్ర పట్టకుండా మరుసటి రోజు మాక్ టెస్టు గురించి తలపోసే విద్యార్థికి, ఇంటికి వచ్చినా ఆఫీసులో జరిగిన మాటల నుంచి బయటపడలేని ఉద్యోగికి ఈ పద్ధతి అన్నిటికన్నా మేలు చేస్తుంది. నాలుగు భంగిమలతో సరిపెట్టుకోవచ్చు. మోకాళ్ల మీద కూర్చుని ముందుకు వంగి నుదుటిని నేలకో దిండుకో ఆన్చడం. వెల్లకిలా పడుకుని ఒక మోకాలిని ఛాతీకి దగ్గరగా తెచ్చుకోవడం. అదే స్థితిలో మోకాలిని పక్కకు వాల్చి వెన్నును మెలితిప్పడం. చివరగా గోడకు దగ్గరగా పడుకుని కాళ్లను గోడ మీద నిలువుగా ఉంచడం. ఒక్కో భంగిమలో అర నిమిషం నుంచి రెండు నిమిషాల దాకా ఉండవచ్చు.

ఇందులో సగం పని శ్వాసదే. నాలుగు లెక్కపెడుతూ తీసుకుని, ఆరు లెక్కపెడుతూ వదిలితే, సెకనుకొకటి చొప్పున నిమిషానికి ఆరు శ్వాసలవుతాయి. ఈ వేగానికి గుండె లయలో సహజమైన హెచ్చుతగ్గులు స్పష్టంగా పెరుగుతాయి. అవి విశ్రాంత స్థితికి గుర్తు. లెక్క కష్టంగా అనిపిస్తే అంకెలు వదిలేసి, తీసుకున్న దానికన్నా వదిలేది కాస్త పొడుగ్గా ఉండేలా చూసుకుంటే చాలు.

పట్టి ఉంచే సమయం గురించి రెండు మాటలు. పెద్దలకు ఒక్కో భంగిమలో 10 నుంచి 30 సెకన్లు, వయసు మళ్లినవారికి 30 నుంచి 60 సెకన్లు పట్టి ఉంచాలన్నది అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ సూచన. అది ఒళ్లు సులువుగా వంగడం కోసం చెప్పినది. మనసు నెమ్మదించడం కోసం చేసేటప్పుడు సుఖంగా ఉన్నంత వరకు అంతకన్నా ఎక్కువసేపు ఉన్నా తప్పులేదు. కానీ పరుగుకో ఆటకో బరువులెత్తడానికో ముందు ఒకే కండరాన్ని నిమిషం పైగా పట్టి ఉంచితే ఆ వెంటనే చూపవలసిన బలం కొద్దిగా తగ్గుతుంది, కాబట్టి పోలీసు కానిస్టేబుల్ ఎంపిక పరుగు వంటివాటికి సిద్ధమయ్యేవారు దీన్ని పరుగు తర్వాతికి వాయిదా వేసుకోవాలి.

ఎముకలు గుల్లబారినవారు వెన్నును బాగా ముందుకు వంచే భంగిమలు చేయకూడదు. గ్లకోమా ఉన్నవారికి నుదుటిని నేలకు ఆన్చే భంగిమ కూడా తల కిందికి వాల్చేదే గనుక దాని విషయంలోనూ డాక్టరును అడగాలి. గర్భిణులు చివరి నెలల్లో ఎక్కువసేపు వెల్లకిలా పడుకోకుండా ఎడమ పక్కకు తిరిగి విశ్రాంతి తీసుకోవాలి. గోడ మీద కాళ్లు పెట్టి ఉన్నవారు ఒక్కసారిగా లేవకుండా పక్కకు తిరిగి, కాసేపాగి లేవాలి, లేకపోతే కళ్లు తిరుగుతాయి.

## ఇవేవీ కాకుండా పది నిమిషాలు నడిస్తే?

నిజం చెప్పాలంటే, మందకొడితనానికి వేగంగా పది నిమిషాలు నడవడం ఈ నాలుగింటిలో దేనికీ తీసిపోదు. ఎస్వీ యూనివర్సిటీ ఆవరణలో చెట్ల నీడన తెల్లవారుజామున నడిచే వీలున్నవారు స్ట్రెచింగ్ కోసం దాన్ని మానుకోనక్కరలేదు. నడక చేయలేని పని ఒకటుంది: బిగుసుకున్న మెడను, ముందుకు వంగిన భుజాలను అది విప్పదు. అందుకని నడక ముగించాక రెండు నిమిషాలు భుజాలకు, ఛాతీకి కేటాయిస్తే సరి. అలిపిరి దారిలో 3550 మెట్లో, శ్రీవారి మెట్టు దారిలో 2388 మెట్లో ఎక్కినవారికి మర్నాడు వచ్చే పిక్కల నొప్పిని స్ట్రెచింగ్ పెద్దగా తగ్గించదని పరిశోధనలు చెబుతున్నాయి. ఆ నొప్పి రెండు మూడు రోజుల్లో దానంతట అదే పోతుంది.

## ఎవరికి ఏది?

పోటీ పరీక్షలకు చదివేవారు. మీకు ఒకే పద్ధతి చాలదు, ఎందుకంటే మీ రోజులో రెండు స్థితులూ వస్తాయి. ఉదయం చదువుకు ముందు అయిదు ఆవృతాల సూర్య నమస్కారాలు, మధ్యాహ్నం కునుకుపాట్ల వేళకు గోడ దగ్గర నాలుగు నిమిషాలు, రాత్రి పడుకునే ముందు చాప. గదిలో చోటు లేకపోతే ఉదయం మేడ మీదికి వెళ్లండి. చదువుకునే సమయం పోతుందన్న బాధ మీలో చాలామందికి ఉంటుంది. మూడూ కలిపి ఇరవై నిమిషాలే. ఒకే పేజీని మూడుసార్లు చదివి పోగొట్టుకునే సమయంతో పోల్చి చూసుకోండి.

బ్యాంకు, ప్రభుత్వ కార్యాలయాల ఉద్యోగులు. కుర్చీలో చేసేవాటితో మొదలుపెట్టండి, రోజుకు రెండుసార్లైనా గోడ దగ్గరికి వెళ్లండి. ప్రజలతో మాటలు పడే పని మీది. ఒక కటువైన సంభాషణ ముగిసిన వెంటనే భుజాలను చెవుల దాకా ఎత్తి, ఊపిరి వదులుతూ ఒక్కసారిగా కిందికి జార్చండి. తర్వాత వచ్చిన మనిషి మీద ఆ విసుగు పడకుండా ఉండడానికి ఆ అర నిమిషం నిజంగా తోడ్పడుతుంది.

ఫ్యాక్టరీల్లో నిలబడి పనిచేసేవారు. విరామంలో ముందు కూర్చోండి. కూర్చునే ఒక కాలిని ముందుకు చాచి పాదాన్ని మీవైపు లాగండి, తర్వాత నడుమును తిప్పండి. షిఫ్టు అయ్యాక గోడ మీద కాళ్లు పెట్టే భంగిమ మీ కోసమే ఉన్నట్టుగా ఉంటుంది. పగలంతా కాళ్లలోకి దిగిన బరువు తగ్గుతూ ఉంటే మనసు తేలికపడడం అయిదు నిమిషాల్లోనే తెలుస్తుంది. రాత్రి షిఫ్టు వారు ఇంటికి వచ్చి పడుకునే ముందు సూర్య నమస్కారాలు చేయకూడదు, నిద్ర దూరమవుతుంది.

ఘాట్ రోడ్డు డ్రైవర్లు. మలుపు మలుపుకూ చూపు చెదరకూడని పని కాబట్టి మీకు కావలసింది మెలకువ. బస్సు నిలిపి దిగాక, దాని పక్కనే నిలబడి పిక్కలు, ఛాతీ, నడుము సాగదీసుకోండి. అయితే నిద్ర లేమికి స్ట్రెచింగ్ మందు కాదు. కళ్లు మూతలు పడుతుంటే చేయవలసింది నిద్రపోవడమే, మరే చిట్కా దాన్ని భర్తీ చేయలేదు.

కల్యాణకట్టలో తలనీలాలు తీసేవారు, దర్జీలు, కంసాలులు. మెడ వంచి, చూపు ఒకే చోట నిలిపే మీ పనుల్లో అలసట ముందుగా మెడకు, ఆ తర్వాత మనసుకు చేరుతుంది. వంగిన దిశకు ఎదురు దిశలో సాగదీయడం మీ సూత్రం: గడ్డాన్ని వెనక్కి లాగడం, తలుపు చట్రం దగ్గర ఛాతీ విప్పడం. ముందుకు వంగే భంగిమలు మీకు ఇప్పటికే ఎక్కువైపోయాయి.

ఇంటి పనిలో ఉండే స్త్రీలు. మీకు కొరవడేది చోటు కాదు, ఎవరూ పిలవని పది నిమిషాలు. అవి దొరికే వేళ సాధారణంగా పిల్లలు బడికి వెళ్లాక గానీ, మధ్యాహ్నం వంట సర్దుకున్నాక గానీ వస్తుంది. మొదటి వేళైతే టిఫిన్ తినకముందు ఏ పద్ధతైనా చేసుకోవచ్చు; రెండో వేళైతే గోడ దగ్గరివే మంచివి.

అరవై దాటినవారు. కుర్చీలో చేసేవి, కుర్చీ వీపు పట్టుకుని నిలబడి చేసేవి చాలు. చక్రాలు లేని, బరువైన కుర్చీని గోడకు ఆన్చి పెట్టుకోండి. చక్కెర వ్యాధి వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారు మునివేళ్ల మీద లేచే వ్యాయామాన్ని ఆధారం లేకుండా చేయవద్దు. మోకాళ్లు, తుంటి విషయంలో అనుమానం ఉంటే ముందు ఫిజియోథెరపిస్టుకు చూపించుకోవాలి. తిరుపతిలో ఎముకల వైద్యానికి బర్డ్ ఆసుపత్రి, ఫిజియోథెరపీ కళాశాల ఉన్న స్విమ్స్ రెండూ అందుబాటులో ఉన్నాయి.

## దీని పరిధి ఎంతవరకు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ స్థాయి శారీరక శ్రమ, రెండు రోజులైనా కండరాలను బలపరిచే వ్యాయామం అవసరం. పైన చెప్పిన చిన్న విరామాలు ఆ లెక్కను తీర్చవు. గుండెకు, రక్తంలో చక్కెరకు, దీర్ఘకాలంలో మనసుకు కూడా నడక, సైకిలు, ఈత వంటివి చేసే మేలును స్ట్రెచింగ్ నుంచి ఆశించకూడదు.

సాగదీసేటప్పుడు లాగినట్టుగా ఉండడం సహజం. పొడిచినట్టు నొప్పి, తిమ్మిరి, కాలి కిందికి పాకే మంట వస్తే వెంటనే ఆపాలి. ఊగుతూ కుదుపులతో సాగదీయకూడదు.

ఇక మనసు సంగతి. రెండు వారాలకు మించి రోజులో ఎక్కువ భాగం దిగులుగా ఉండడం, ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర, ఆకలి మారిపోవడం వంటివి ఉంటే అది విరామాలతో తీరేది కాదు, వైద్య సహాయం కావాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోను సేవ 14416 నంబరులో ఉచితంగా, రాత్రింబవళ్లు దొరుకుతుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. హాస్టల్‌లో పక్క మంచం మీది స్నేహితుడు అలా ఉన్నట్టు అనిపిస్తే అతని కోసం మీరైనా ఆ నంబరుకు ఫోను చేయవచ్చు.

## తేల్చుకోవడానికి ఒక వారం

ఇంకా ఏదీ తేలకపోతే, ఒక చిన్న పుస్తకంలో స్ట్రెచింగ్‌కు ముందు, పది నిమిషాల తర్వాత రెండు అంకెలు రాసుకోండి: మనసు ఎంత తేలికగా ఉందో ఒకటి నుంచి పదిలో ఎంత, ధ్యాస ఎంత కుదిరిందో పదిలో ఎంత. మనసు అంకె పెరిగి ధ్యాస అంకె పెరగకపోతే మీరు ఎంచుకున్నది మరీ నెమ్మదైనదని అర్థం. ధ్యాస పెరిగి మనసు ఇంకా గజిబిజిగా ఉంటే చివరలో రెండు నిమిషాల పొడుగు శ్వాస చేర్చండి. వేళను కూడా పక్కన రాయండి, ఎందుకంటే ఉదయం పనిచేసిన పద్ధతి సాయంత్రం పనిచేయకపోవడం మామూలే.

పరీక్ష ఉన్న రోజున మాత్రం కొత్త పద్ధతి ఏదీ ప్రయత్నించవద్దు. హాల్లో కూర్చున్నాక, ప్రశ్నపత్రం ఇచ్చేలోపు, అలవాటైన గడ్డం వెనక్కి లాగే కదలిక, భుజాలు ఎత్తి జార్చడం, నాలుగు పొడుగు శ్వాసలు చేస్తే చాలు.